నడుం బిగించడమంటే ఇదేనా?

మొన్న మా జిల్లా కార్యకర్తల సమావేశంలో టీ తాగే వేళ ఒకామె నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, ఆ నడుం బెల్టులు పెట్టుకుంటే నిజంగానే పొట్ట తగ్గుతుందా? పద్నాలుగు వందలంట. కొందామనుకుంటున్నా." అప్పటిదాకా మేమంతా మాట్లాడుకున్నది 2005 నాటి గృహహింస చట్టం ఎందుకు సరిగా అమలు కావడం లేదని. దాని మీద అందరికంటే గట్టిగా మాట్లాడింది ఆమే. అలాంటి మనిషి తన పొట్ట గురించి అడగడానికి గొంతు తగ్గించుకోవాల్సి వచ్చింది.

"ఎందుకమ్మా నీకవన్నీ" అని నవ్వేసి తప్పించుకోవచ్చు. మనలో చాలామందిమి అదే చేస్తాం. ఇవి చిన్న విషయాలనీ, ఉద్యమం పట్టించుకోవలసినవి కావనీ అనుకుంటాం. కానీ నేను నవ్వలేకపోయాను. ఏడాది కిందట ఇదే ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. అప్పుడు నేను చెప్పిన జవాబు తప్పు. ఆ తప్పు గురించి రాయడానికే ఈ వ్యాసం.

మా అమ్మాయికి తొలి కాన్పు ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో జరిగింది. సిజేరియన్ చేశారు. అదేం వింత కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే నూటికి 81. మందులు, గది అద్దెతోపాటు బిల్లులో ఒక బెల్టు కూడా ఉంది. "లేచి నడిచేటప్పుడు పెట్టుకోండి" అంది నర్సు. ఎన్నాళ్లన్నది ఆమె చెప్పలేదు, మేం అడగలేదు.

ఇరవై ఒకటో రోజు బారసాలకి వచ్చినవాళ్లంతా పిల్లని ఎత్తుకుని, తల్లి పొట్ట వంక చూశారు. "ఇంకా లోపల ఒకళ్లున్నట్టుందే!" అని ఒక బంధువు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి పిల్లకి పాలిస్తూ మా అమ్మాయి "అమ్మా, నిజంగా అంత అసహ్యంగా ఉన్నానా?" అనడిగింది. నేనన్న మాట ఇది: "బెల్టు వదులుగా పెడుతున్నావు. గట్టిగా బిగించు. లేకపోతే పొట్ట జారిపోయి అట్లాగే ఉండిపోతుంది."

ముప్పై ఏళ్లుగా ఊళ్లు తిరిగి ఆడవాళ్లకి ఆరోగ్యం గురించి చెప్పే మనిషిని నేను!

ఆమె బిగించింది. ఆసుపత్రి బెల్టు చాలదని, ఫోన్‌లో చూసి, ఉక్కు బద్దలూ మూడు వరసల హుక్కులూ ఉన్న ఇంకో బెల్టు తెప్పించుకుంది. తనది ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం. యాభయ్యో రోజుకి చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. ఉదయం ఎనిమిదికి బిగించిన బెల్టు సాయంత్రం అయిదుకి విప్పేది. నెల తిరక్కముందే ఒకరోజు స్కూలు నుంచి వస్తూనే బాత్‌రూంలోకి వెళ్లి ఏడ్చింది. దగ్గినా, తుమ్మినా, బోర్డు మీద కింది వరస రాయడానికి వంగినా మూత్రం చుక్కలుగా పడిపోతోందట. అప్పటికి మూడు వారాలు. ప్యాడ్ పెట్టుకుని పాఠాలు చెప్పింది. నాకు కూడా చెప్పలేదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ముందుగా ఆ బెల్టు విప్పించి బల్ల మీద పెట్టింది. "ఇంత బిగించుకోమని మీకెవరు చెప్పారు?" అంది. మా అమ్మాయి నా వంక చూడలేదు. చూసి ఉంటే బాగుండేదనిపించింది.

ఆవిడ మాకు ఓపిగ్గా చెప్పిన సంగతులు మనందరికీ తెలిసి ఉండవలసినవి. కాన్పు తర్వాత గర్భసంచి తనంతట తానే కుంచించుకుని, సుమారు ఆరు వారాల్లో మామూలు స్థితికి వస్తుంది. దానికి ఏ బెల్టూ అక్కర్లేదు. పొట్ట మధ్యలో రెండు నిలువు కండరాలుంటాయి. వాటిని కలిపే పట్టీ తొమ్మిది నెలల్లో సాగిపోతుంది. చాలామందిలో అది నెలల తరబడి మెల్లగా దగ్గరపడుతుంది. కొందరిలో ఎడం మిగిలిపోతుంది. అలా మిగిలితే కావలసింది ఆ కండరాలకు మళ్లీ పని నేర్పడం, అంటే ఊపిరితో కలిపి చేసే వ్యాయామాలు. రోజంతా బెల్టే మోస్తుంటే కండరాలు ఎప్పుడు పని నేర్చుకుంటాయి?

పొట్టని ఒక సంచి అనుకోండి. పైన, ఊపిరి తీసినప్పుడల్లా కిందికి దిగే డయాఫ్రం. అడుగున, మూత్రాశయాన్నీ గర్భసంచినీ ఉయ్యాలలా మోసే కటి కండరాలు. సంచిని నడిమధ్య పట్టుకుని నొక్కితే లోపలున్నది ఎక్కడికి పోతుంది? పైకీ కిందికీ పోతుంది. పైకి తోసుకొస్తే గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, ఊపిరి చాలకపోవడం. కిందికి తోస్తే, గర్భాన్ని మోసి అప్పటికే అలిసిపోయిన కటి కండరాల మీద మరింత ఒత్తిడి.

మరి కొవ్వు సంగతి? ఒంట్లో కొవ్వు కరగాలంటే ఒళ్లు దాన్ని ఖర్చు పెట్టుకోవాలి. పైనుంచి నొక్కితే అది పక్కకి జరుగుతుందే తప్ప కరగదు. బెల్టు ఉన్నంతసేపు టేపు రెండంగుళాలు తక్కువ చూపిస్తుంది. విప్పాక కాసేపటికే ఒళ్లు తన చోటుకి తాను వస్తుంది. బెల్టు కింద పట్టిన చెమటని "కొవ్వు కరుగుతోంది" అని చూపించే ప్రకటనలున్నాయి. రెండు గ్లాసుల నీళ్లు తాగితే ఆ బరువు తిరిగి వస్తుంది. 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రెండు కంపెనీల మీద చర్య తీసుకుంది. కెఫీన్ కలిపిన లోదుస్తులు వేసుకుంటే చాలు, తుంటి, తొడలు సన్నబడతాయని అవి చెప్పుకున్నాయి. దానికి రుజువు లేదని తేల్చి, కొన్నవాళ్లకి తిరిగి ఇవ్వడానికి రెండింటి నుంచీ కలిపి 15 లక్షల డాలర్ల దాకా కట్టించింది.

బెల్టు అసలు దేనికీ పనికిరాదని నేననడం లేదు. సిజేరియన్ తర్వాత తొలి రోజుల్లో లేచి నడవడానికీ, దగ్గేటప్పుడు కుట్ల దగ్గర ఆసరాకీ మెత్తటి బెల్టు సాయపడుతుంది. దానివల్ల నొప్పి తగ్గిందని కొన్ని పరిశోధనల్లో తేలింది, కొన్నిటిలో పెద్ద తేడా కనిపించలేదు. డాక్టరు చెప్పినన్నాళ్లు, చెప్పినంత వదులుగా పెట్టుకుంటే అదొక చేతికర్ర లాంటిది. చేతికర్రతో కాలు పొడుగవుతుందని ఎవరైనా అమ్మితే కొంటామా?

1995లో నాకు కాన్పయినప్పుడు మా అమ్మ తన పాత నేత చీర చింపి నాకు నడికట్టు కట్టింది. మా అమ్మాయికి బిగించమని చెప్పినప్పుడు నా మనసులో ఉన్నది ఆ గుడ్డే. కానీ అమ్మ కట్టింది మెత్తటి గుడ్డ, పాలిచ్చేటప్పుడూ తినేటప్పుడూ వదులు చేసేది. ఆ గుడ్డతోపాటు మూడు నెలల పుట్టిల్లుంది, నూనె మర్దనా ఉంది, వేళకి వేడన్నం ఉంది, పిల్లని ఎత్తుకునే నాలుగు చేతులున్నాయి. పాతదంతా బంగారమని అనను. ఆ ఆచారంలోనే బాలింతకి దాహమేస్తున్నా నీళ్లివ్వకపోవడమూ ఉంది. పైగా ఆ మూడు నెలలు అందరికీ దక్కినవీ కావు. కూలికి పోయే తల్లి నెల తిరక్కుండా చేలో వంగింది. నడుం నొప్పికి గుడ్డ బిగించి కట్టుకుని వంగింది. అయినా ఒకటి చూడండి. మార్కెట్టు మన ఆచారంలోంచి గుడ్డని మాత్రం తీసుకుంది. విశ్రాంతినీ, తిండినీ, నాలుగు చేతులనీ వదిలేసింది. ఆ గుడ్డకి ఉక్కు బద్దలు వేసి మనకే అమ్ముతోంది.

ఈ ఉక్కు బద్దల చరిత్ర కూడా కొత్తది కాదు. యూరప్‌లో కొన్ని వందల ఏళ్లు ఆడవాళ్లు కార్సెట్ కట్టుకున్నారు. తిమింగలం నోట్లోంచి తీసిన బద్దలతో, తర్వాత ఉక్కుతో వాటిని బిగించేవాళ్లు. 1828 నాటికి తాడు దూర్చే కన్నాలకు లోహపు చుట్లు రావడంతో, గుడ్డ చిరగకుండా ఇంకా గట్టిగా లాగి కట్టడం వీలయింది. అందం కోసం పక్కటెముకలు తీయించుకున్నారన్న కథలకు ఆధారాల్లేవు. అలాంటి కథలు మనకి అవసరమూ లేదు. ఊపిరి నిండా తీసుకోలేకపోవడం, కడుపు నిండా తినలేకపోవడం చాలవా?

దానిమీద తిరగబడింది కూడా ఆడవాళ్లే. 1873లో అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ స్టువర్ట్ ఫెల్ప్స్ కార్సెట్లను తగలబెట్టమని రాసింది. 1881లో లండన్‌లో రేషనల్ డ్రెస్ సొసైటీ ఏర్పడింది. ఒంటిని బిగించే బట్టలు వద్దని స్త్రీలే సంఘం పెట్టుకున్నారు. అప్పుడు మార్కెట్టు ఏం చేసింది? "ఆరోగ్య కార్సెట్" తెచ్చింది. వైద్యం చదివిన ఇనెజ్ గాష్-సరోత్ అనే ఫ్రెంచి స్త్రీ, 1900 ప్రాంతంలో, పొట్టను నొక్కని కార్సెట్ చేద్దామనే మంచి ఉద్దేశంతోనే ముందు భాగం నిటారుగా ఉండేది తయారు చేసింది. ఫ్యాషన్ దాన్ని అందుకుని ఇంకా బిగించింది. చివరికి అది ఛాతీని ముందుకీ తుంటిని వెనక్కీ తోసి ఆడవాళ్లను వంకర నిలబెట్టింది. ఈ రోజు మన మందుల షాపుల్లోనూ ఫోన్లలోనూ "మెడికల్", "పోస్ట్ డెలివరీ" అని పేరు పెట్టి అమ్మే బెల్టుల్ని చూస్తే నాకు ఆ కథే గుర్తొస్తుంది. డాక్టరు మాట తగిలిస్తే బిగింపు వైద్యమైపోతుంది!

మన దగ్గర కార్సెట్ లేదుగా అనకండి. మన ప్రబంధ కవులు నాయిక నడుము ఉందో లేదో తెలియనంత సన్నమని వందల ఏళ్లు మురిశారు, శూన్యంతో, ఆకాశంతో పోల్చారు. ఉందో లేదో తెలియని నడుంతో ఏ ఆడది నీళ్ల బిందె మోసింది? ఏ ఆడది నాటు వేసింది? ఏ ఆడది బిడ్డని చంకనేసుకుంది? కవులు పోయి సినిమా వచ్చింది. 2001లో వచ్చిన "ఖుషి"లో నాయిక నడుం వంక నాయకుడు చూశాడా లేదా అన్న తగువుకి హాళ్లు ఊగిపోయాయి. 1996లో బెంగళూరులో ప్రపంచ సుందరి పోటీలు పెట్టినప్పుడు మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. సంస్కృతి చెడిపోతోందని గోల చేసినవాళ్ల పక్కన కాకుండా, స్త్రీని సరుకు చేయొద్దని విడిగా నిలబడి చెప్పడానికి అప్పుడు మనం చాలా కష్టపడ్డాం. 2025 మే నెలలో అవే పోటీలు హైదరాబాద్‌కి వచ్చాయి. రామప్ప గుడి దగ్గర స్థానిక స్త్రీలు పోటీదారుల కాళ్లు కడిగారని దుమారం రేగింది. ఒక ఆడదాని నడుం చూపించడానికి, ఇంకో ఆడదాని నడుం వంగడానికి!

నడుం బిగింపుకి ఒంటి మీద ఎలాంటి ఆనవాళ్లు మిగులుతాయో మనకి తెలియనిది కాదు. లంగా బొందు ఒరిసి నల్లబడిన చార లేని నడుం మన పెద్దవాళ్లలో ఎంతమందికుంది? 2024లో మన దేశపు డాక్టర్లే ఇద్దరు పెద్దవయసు స్త్రీల గురించి ఒక వైద్య పత్రికలో రాశారు. దశాబ్దాలపాటు బొందు బిగుతుగా కట్టి, ఒరుసుకుపోయిన చోటే మానని పుండు పడి, చివరికి చర్మ క్యాన్సర్‌గా మారిందట. ఇది చాలా అరుదు, భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ డాక్టర్లు చెప్పిన జాగ్రత్త మాత్రం అందరికీ పనికొస్తుంది. బొందు వదులు చేసుకోండి, చర్మం ఒరిసిపోతుంటే ఆ చోట కట్టడం మానండి.

"నా ఒళ్లు, నా ఇష్టం" అనే ఆడపిల్లలు నన్ను నిలదీస్తారని తెలుసు. ఆ మాట మన ఉద్యమమే నేర్పింది కాబట్టి దానికి జవాబు చెప్పే బాధ్యతా మనదే. పెళ్లిలో రెండు గంటలు పట్టుచీర కింద బిగుతు లంగా వేసుకున్న పిల్లని నేను తప్పుపట్టను. నా కొడుకు పెళ్లికి నేనూ అలాంటిదొకటి కొన్నాను, భోజనాల వేళకి విప్పేశాను. నా తగువు ఆ పిల్లతో కాదు. "పొట్ట తగ్గుతుంది" అని అబద్ధం చెప్పి అమ్మేవాళ్లతో నా తగువు. అబద్ధం విని కొన్నది ఇష్టపడి కొన్నట్టు ఎలా అవుతుంది? మా అమ్మాయి ఎంచుకున్నది బెల్టుని కాదు. బారసాలలో వినబడిన నవ్వు నుంచి తప్పించుకోవడాన్ని ఎంచుకుంది. ఆ నవ్వులో నా నవ్వూ ఉంది.

ఇంకొక మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. నడుం కొలత ఆరోగ్య విషయం కూడా. మన దేశపు స్త్రీలకు అది 80 సెంటీమీటర్లు దాటితే షుగరు, గుండెజబ్బుల ప్రమాదం పెరుగుతుందని డాక్టర్లు చెబుతారు. అదే సర్వేలో ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది. రక్తహీనత ఉన్నవాళ్లు రెండు చోట్లా సగానికి పైనే. బరువు ఎక్కువుండి రక్తం తక్కువున్న ఒళ్లంటే, అన్నం తప్ప పప్పూ కూరా గుడ్డూ సరిగా అందని ఒళ్లు, చివర మిగిలింది తినే ఒళ్లు, నడవడానికి వీధీ తీరికా లేని ఒళ్లు. ఈ లెక్కల్లో ఒక్కదాన్నైనా బెల్టు మార్చగలదా? అది ప్రమాదాన్ని తగ్గించదు, కంటికి కనిపించకుండా చేస్తుందంతే.

ఇదంతా ఆ రోజు టీ గ్లాసు పట్టుకుని నిలబడే ఆ కార్యకర్తకి చెప్పాను, మా అమ్మాయి సంగతితో సహా. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "అక్కా, నాకు రెండో కాన్పు నుంచీ అదే. తొమ్మిదేళ్లు. బస్సెక్కే ముందు నీళ్లు తాగను. ఊరేగింపులో ముందు వరసలో నడవను." బెల్టు ధర అడగడానికే అంత మొహమాటపడిన మనిషి ఈ మాట తొమ్మిదేళ్లలో ఎవరికి చెప్పగలదు? దీనికి చికిత్స ఉందని కూడా ఆమెకి తెలియదు. కటి కండరాల వ్యాయామాలు సరిగా నేర్పించుకుని కొన్ని నెలలు చేస్తే చాలామందికి తగ్గుతుంది. మా అమ్మాయికి నాలుగు నెలల్లో చాలావరకు తగ్గింది. పొట్ట ఇంకా కాస్త ముందుకే ఉంది. ఉండనీ.

కాబట్టి మిత్రులారా, బెల్టు కొనాలా వద్దా అన్నది ఒక్కొక్కరూ ఒంటరిగా తేల్చుకునే ప్రశ్నగా వదిలేయొద్దు. మనం అడగవలసినవి వేరే ఉన్నాయి. ఆసుపత్రి బెల్టు ఇస్తే ఎందుకో, ఎన్నాళ్లో, ఎప్పుడు తీసేయాలో నోటితో చెప్పాలి, కాగితం మీద రాసివ్వాలి. కాన్పయిన ఆరు వారాలకి చేసే పరీక్షలో కుట్లతోపాటు పొట్ట కండరాలనీ మూత్రం సంగతినీ అడిగి చూడాలి. ఏరియా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉండాలి. ఆశా కార్యకర్తలకు ఆ నాలుగు వ్యాయామాలూ నేర్పాలి. "వేసుకుంటే చాలు, తగ్గుతుంది" అనే ప్రకటన కనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థకి తప్పుదోవ పట్టించే ప్రకటనలని ఆపించే అధికారం ఉంది. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు 2017లో చట్టంలోకి వచ్చింది. యాభయ్యో రోజున బోర్డు ముందు నిలబడిన ప్రైవేటు టీచరుకి అది కాగితం మీదే మిగిలింది. ఆ సెలవు ఆమెకి దక్కి ఉంటే అసలు బెల్టు గొడవే వచ్చేది కాదేమో!

ఒకటి మాత్రం ఎవరినీ అడగకుండా మనమే చేయొచ్చు. మన సమావేశాల్లోనే చాలా రోజులకి కలిసిన స్నేహితురాలితో మొదటి మాట "ఏంటి ఇంత లావయ్యావు!" అనే కదా అంటాం. ఆ పలకరింపు మానేద్దాం. బారసాలకి వెళ్తే బాలింత పొట్ట వంక చూడకుండా, "రాత్రి నిద్రపోయావా, అన్నం తిన్నావా, ఎక్కడైనా నొప్పిగా ఉందా" అని అడుగుదాం.

తొంభైల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు నడుం బిగించారని మనం పాటలు కట్టుకున్నాం. 1993లో సారా నిషేధం తెచ్చిన ఉద్యమం అక్కడినుంచే ఊరూరికీ పాకింది. ఆ నడుములు సన్నవో లావువో ఎవరైనా కొలిచారా? వచ్చే నెల మా సమావేశంలో కాన్పు తర్వాతి ఆరోగ్యం మీద ఒక పూట పెడుతున్నాం. టీ వేళ నన్ను పక్కకి పిలిచి అడిగిన ఆమే దాన్ని నడుపుతానంది, ఈసారి మైకులో. మీ ఊళ్లలో, మీ ఇళ్లలో ఏం జరుగుతోందో మీరూ రాయండి. పేరు వేయొద్దంటే వేయం.